పది సోమవారాల బోటు

మా సంస్థలో నా ఉద్యోగం తూచడం. ఇరవై రెండేళ్ళుగా తూస్తున్నాను. నారనీ ప్లాస్టిక్ జిగురునీ కలిపి ఇనుముకన్నా తేలికైన పదార్థాలు తయారుచేసే ప్రభుత్వ పరిశోధనా సంస్థ మాది. చేసినది తేలికయిందో లేదో చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కనక నన్ను పెట్టారు. ఒక కాటా, ఒక రిజిస్టరు, ఒక కుర్చీ ఇచ్చారు. ముల్లు ఎంత చూపిస్తే అంత రాశాను. ఇంత చిన్న ఉద్యోగంలో అబద్ధమాడే అవసరం ఎవరికీ రాదని మొన్న ఏప్రిల్ ఒకటో తారీకు దాకా గట్టిగా నమ్మేవాణ్ణి.

ఆ రోజు మా డైరెక్టరు పరాంకుశం గారు పై ఆఫీసు మీటింగు నుంచి తిరిగొచ్చారు. వస్తూనే అందర్నీ హాల్లోకి పిలిపించారు.

"సహోద్యోగులారా! ప్రస్తుత సంవత్సరాన్ని తేలిక సంవత్సరంగా పాటించవలసిందని ఉన్నత స్థాయిలో నిర్ణయం గైకొనబడినది. తదనుగుణంగా, సంస్థ ఆవరణలోని సమస్త చరాచర వస్తుజాలమూ ప్రతి సోమవారం పది శాతం చొప్పున, పది సోమవారాల పాటు, బరువు కోల్పోవలసి ఉంటుందని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తరవాత ఎందుకో నోరు ఊరుకోక లేచి నిలబడ్డాను.

"సార్, ప్రతివారం మిగిలినదాంట్లో పది శాతమేనా? మొదటి బరువులో పది శాతం చొప్పున అయితే పదో సోమవారానికి ఏమీ మిగలదండీ."

డైరెక్టరు గారు సర్క్యులరు తెప్పించి, కళ్ళజోడు మార్చి, రెండుసార్లు చదివారు. "మొదటి బరువులోనే," అన్నారు. "స్పష్టంగా ఉంది."

"అంటే సున్నా అండీ."

"లక్ష్యాన్ని ప్రశ్నించడం తూనిక విభాగం పరిధిలోకి రాదు," అన్నారాయన. ఈలోగా భోజనాల గంట కొట్టడంతో సున్నా సంగతి అక్కడితో ఆగిపోయింది.

ఆ సమయానికి మా షెడ్డులో ఒక బోటుంది. ఈ గొడవంతా దానిదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. తీరంలో జాలర్లు వాడే ఫైబర్ బోటు ఎలా చేస్తారంటే, గాజుని దారంగా తీసి నేసిన గుడ్డని అచ్చులో పరిచి, దాని మీద రెసిన్ అనే జిగురుని బ్రష్షుతో పూస్తారు. ఎండితే రాయిలా గట్టిపడుతుంది. బ్రష్షుతో పూసినప్పుడు జిగురు అవసరానికి మించి పడుతుంది, బోటు బరువెక్కుతుంది. దాన్ని రోజూ ఇసుకలోంచి నీళ్ళలోకీ, నీళ్ళలోంచి ఇసుకలోకీ తోసే మనుషుల నడుములు విరుగుతాయి. మా వసంతవల్లి గారు, ముప్పై నాలుగేళ్ళ శాస్త్రవేత్త, గుడ్డ మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, లోపలి గాలిని పంపుతో లాగేసి, గుడ్డ తనకి కావలసినంత జిగురునే పీల్చుకునేలా చేశారు. మూడేళ్ళు పట్టింది. తొమ్మిది వందల కిలోల బోటు ఏడు వందల ముప్పై ఎనిమిదికి దిగింది. మార్చి ముప్పయ్యో తారీకున నేనే తూచాను. ముల్లు ఆగగానే ఆవిడ చిన్నపిల్లలా గెంతారు. నేను గెంతలేదు గానీ రిజిస్టర్లో ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. అలా ఎప్పుడూ గీయను.

నమూనా కోసం తన పాత బోటు ఇచ్చినవాడు చోడిపల్లి నూకయ్య. పెదరేవుపాలెం జాలరి. జనవరిలో ఆ పాత బోటు తీసుకుని, అచ్చు పోసుకుని, తరవాత దాన్ని రెండొందల ముక్కలు కోసి ఒక్కో ముక్కనీ వంచి, విరిచి పరీక్షించాం. బదులుగా కొత్త బోటు ఇస్తామని రాసిచ్చాం. అందాకా నూకయ్య ఇంకొకళ్ళ బోటు మీద కలాసీగా, అంటే కూలికి, పోతున్నాడు. ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలయ్యాక ప్రతి మంగళవారం మా గేటు దగ్గరికి వచ్చేవాడు.

"బాబూ, జూన్ పద్నాలుగుతో నిషేధం అయిపోద్ది. పదేను తెల్లారేతలికి నా బోటు నీళ్ళమీదుండాల. రెండు నెల్లు ఆగిన సముద్రం బాబూ, మొదటి వారం సేపలు గుంపులు కట్టి వొస్తాయి. యాబై రెండేళ్ళొచ్చీసినాయి, ఇంకా ఒకడి బోటు మీద కేకలు తినమంటారేటి?"

"ఇస్తాం నూకయ్యా, తప్పకుండా," అనేవాణ్ణి.

మొదటి సోమవారం సమీక్షకి వసంతవల్లి గారు ధైర్యంగానే వెళ్ళారు. పద్దెనిమిది శాతం తగ్గించిన మనిషికి భయమేమిటి? డైరెక్టరు గారు ఫైలు తిరగేసి తల అడ్డంగా ఊపారు.

"ఈ తగ్గుదల మార్చిలో సంభవించినది. గత సంవత్సరపు తగ్గుదల ఆ సంవత్సరాంతంతోనే మురిగిపోవును. ఏడు వందల ముప్పై ఎనిమిదిని వందగా భావించి పునఃప్రారంభించవలెను. వారానికి డెబ్బై మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు."

ఆవిడ ఆ వారం బోటులో కూర్చునే బల్లలు విప్పారు, తాళ్ళు కట్టే కొక్కేలు విప్పారు, ఇంజను పెట్టుకునే చెక్క విప్పారు. సరిగ్గా అంతే వచ్చింది. విప్పినవన్నీ నా బీరువా వెనక దాచాం. ఇంకా విప్పడానికి ఏమీ లేదు. ఇక మిగిలింది బోటే.

సంస్థ మాత్రం మహా జోరుగా తేలికవుతోంది. ఫ్యాన్లకి మూడు రెక్కల్లో రెండు తీసేశారు. మిగిలిన ఒక్క రెక్కా గదంతా దడదడలాడించేది గానీ గాలి వచ్చేది కాదు. డైరెక్టరు గారి బల్లకి రెండు కాళ్ళు కోసేశారు. ఆ రెండు కాళ్ళ పనీ ప్యూను సన్యాసిరావు ఒక పక్క మోకాళ్ళ మీద కూర్చుని చేసేవాడు. ఉద్యోగుల్ని గేటు దగ్గర నిలబెట్టి తూచమన్నారు. తూచాను. కామెర్లొచ్చి తొమ్మిది కిలోలు తగ్గిన ఎకౌంటెంటుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. అది కూడా పల్చటి కాగితం మీద కావడంతో చదవబోతే చిరిగిపోయింది.

రెండో సోమవారం సమీక్షకి బోటు సంగతి తేల్చడానికి నిపుణుడొకాయన వచ్చారు. బోటు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, "రంధ్రాలు వేయండి," అన్నారు.

"ఎక్కడండీ?" అన్నారు వసంతవల్లి గారు.

"అంతటా. రంధ్రానికి బరువుండదనేది నిరూపిత సత్యం. రంధ్రాల సంఖ్య పెరిగేకొద్దీ బరువు తగ్గును."

"నీళ్ళు లోపలికి వస్తాయి కదండీ!"

"నీటి ప్రవేశం వేరొక విభాగం పరిశీలించవలసిన అంశం."

మర్నాడు పొద్దున్నే డ్రిల్లింగు మిషను పట్టుకుని ఇద్దరు వచ్చారు. వసంతవల్లి గారు వెళ్ళి బోటులో కూర్చున్నారు. దిగమంటే దిగలేదు. "వేస్తే నన్ను కూడా కలిపి వెయ్యండి!" అని అరిచారు. ఆవిడ గొంతు అంత పైకి లేవగలదని నాకు అప్పటిదాకా తెలీదు. డ్రిల్లింగువాళ్ళు పాపం మంచివాళ్ళు. మనిషితో కలిపి వెయ్యమని ఆర్డరు లేదని టీకి వెళ్ళిపోయారు. అది మంగళవారం కావడంతో గేటు అవతల నూకయ్య కమ్మీలు పట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. నాకే సిగ్గేసింది, ఒళ్ళు మండింది కూడా.

ఆ మంటలోనే ఇరవై రెండేళ్ళలో చెయ్యని పని చేశాను. తిన్నగా డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి, "సార్, రంధ్రాలు అక్కర్లేదు. బరువుని బదిలీ చెయ్యొచ్చు," అన్నాను.

ఆయన కళ్ళు మెరిశాయి. బదిలీ అన్న మాట ఆయనకి ప్రాణం.

"ఈ బోటులో మూడు వందల కిలోలదాకా రెసిన్ ఉందండి. రెసిన్ మన దగ్గరికి పీపాల్లో ద్రవంగా వచ్చింది. ద్రవాలు నీటి సరఫరా విభాగం కిందికి వస్తాయి. ఆ బరువు వాళ్ళది. మనం మోస్తున్నాం, అంతే."

"కానీ ముల్లు..." అన్నారాయన, అనుమానంగా.

"ముల్లు చూపించేది వస్తువు బరువండి. రిజిస్టరులో రాసేది విభాగం బరువు."

ఆయన లేచి నాకు చెయ్యిచ్చారు. లేచిన ఊపుకి బల్ల ఒరిగితే సన్యాసిరావు భుజంతో ఆపాడు.

అలా రెండో సోమవారం బాకీతో మొదలుపెట్టి అయిదో సోమవారం దాకా వారానికి డెబ్బై మూడు కిలోల ఎనిమిది వందల గ్రాముల రెసిన్ని నీటి సరఫరా విభాగానికి ఉత్తరం ద్వారా పంపించాం. బోటు షెడ్డులోనే ఉంది. దాని బరువు మాత్రం ఊరేగుతోంది. నీటి సరఫరా సూపర్వైజరు కామేశం గగ్గోలు పెట్టాడు. వాడి విభాగం వారం వారం బరువెక్కిపోతోంటే వాడికి మెమోలు వస్తున్నాయి మరి. రెండు రోజులు ఆలోచించి, నీళ్ళు ఎక్కువగా వాడేది కేంటీను కనక ఈ రెసిన్ కేంటీనుదేనని తేల్చి అటు తోసేశాడు. కేంటీనువాడికి తోయడానికి ఎవరూ లేరు. అతను ఆ బరువుని వంటకాల్లో తగ్గించుకున్నాడు.

ఇడ్లీ ముందు రూపాయి బిళ్ళంత అయింది. తరవాత చొక్కా బొత్తామంత అయింది. ఏడో సోమవారానికి ప్లేటులో ఇడ్లీ ఉందో లేదో వేలితో తడిమి చూసుకునేవాళ్ళం. చట్నీకి బదులు వాసన చూపించి గిన్నె లోపలికి తీసుకుపోయేవాడు. సాంబారు కావాలన్నవాళ్ళని వంటగది గుమ్మంలో నిలబెట్టి ఆవిరి పట్టేవాడు. "మన బోటు ఇంత రుచిగా ఉంటుందని అనుకోలేదండీ," అన్నాను ఒకరోజు, ఆవిరి కింద నిలబడి. వసంతవల్లి గారు నెల తరవాత మొదటిసారి నవ్వారు. ఆవిడ నవ్వడం చూసి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆరునుంచి తొమ్మిదో సోమవారం దాకా గాజు నార గుడ్డని, గుడ్డ గనక, యూనిఫారాల స్టోరుకి బదిలీ చేశాం. స్టోరు ఇంచార్జి ఆ గుడ్డని ప్యూన్లకి పంచినట్టు రాసేసుకుంది. సన్యాసిరావు తన పేరున ముప్పై ఆరు కిలోల చొక్కా ఉందని తెలిసి రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆ రెండు రోజులూ డైరెక్టరు గారు బల్లని తన మోకాళ్ళతో ఎత్తిపట్టుకునే సంతకాలు చేశారు.

పదో సోమవారం, జూన్ తొమ్మిది. రిజిస్టరులో ఇంకా డెబ్బై మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు మిగిలాయి. బదిలీ చెయ్యడానికి బోటులో ఇక పదార్థం లేదు. జిగురు నీళ్ళవాడిదైంది, గుడ్డ స్టోరుదైంది. డ్రిల్లింగువాళ్ళు మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఈసారి మనిషిని దింపే ఆర్డరు కూడా తెచ్చుకున్నారు.

ఈసారి ఉపాయం వసంతవల్లి గారిది. "సార్," అన్నారు చాలా వినయంగా, "బోటు నేల మీద వాడే వస్తువు కాదు. వాడే చోట తూచడమే శాస్త్రీయం కదండీ."

"సమంజసం," అన్నారు డైరెక్టరు గారు.

బోటుని క్రేనుతో ఎత్తి, క్రేను కొక్కేనికి నా వేలాడే కాటా తగిలించి, పరీక్షల కోసం కట్టిన నీళ్ళ తొట్టిలోకి మెల్లగా దింపాం. బోటు నీళ్ళని తాకింది, ఒకసారి కులికింది, తేలింది. తాళ్ళు వదులయ్యాయి. ముల్లు గిర్రున తిరిగి సున్నా మీద ఆగింది. తేలే వస్తువుని పైనుంచి కట్టిన కాటా ఏం చూపిస్తుంది, పాపం? ముల్లు ఎంత చూపిస్తే అంత రాయడం నా ఉద్యోగం కనక సున్నా అని రాశాను. షెడ్డంతా కేకలు, ఈలలు. డైరెక్టరు గారు డ్రిల్లింగువాణ్ణి కావలించుకున్నారు.

మర్నాడు మంగళవారం నూకయ్య వచ్చాడు. "అయిపోనాదంట గదా బాబూ, మరి నా బోటిచ్చీండి," అన్నాడు.

డైరెక్టరు గారు విచారంగా చూశారు. "బాహ్యప్రపంచానికి వస్తువు తరలింపబడాలంటే గేటు పాసు అవసరం. గేటు పాసులో బరువు గడి పూర్తి చేయడం తప్పనిసరి. సున్నా బరువు గల వస్తువునకు పాసు జారీ చేసే అధికారం ఎవరికీ లేదు. అంతేగాక శనివారం సాయంత్రం ఉన్నతస్థాయి కమిటీ ఈ అద్భుతాన్ని దర్శించనున్నది. అనంతరం పై ఆఫీసువారికి రాసి, వారి సమాధానం వచ్చిన మీదట..."

"ఎప్పుడొస్తాది బాబూ?"

"తేలిక సంవత్సరం ముగిసేలోగా."

నూకయ్య నేల మీద కూర్చుండిపోయాడు. "అమ్మా," అన్నాడు వసంతవల్లి గారి వైపు తిరిగి, "పాతది ముక్కలు సేసినారు. కొత్తది ఏటీ లేదంటన్నారు. నా కళ్ళకి కనిపిస్తంది కదమ్మా, అదిగో, నీలిరంగేసుకుని!" ఆవిడ తల దించుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆ వారమంతా నేను గేటు పాసుల నిబంధనలు చదివాను. నలభై పేజీలు. శుక్రవారం మధ్యాహ్నం గేటు దగ్గరికి వెళ్ళాను. మా గేటు హవల్దారు బంగార్నాయుడు పటాలంలో చేసి వచ్చినవాడు. రూలు పుస్తకం తప్ప దేవుణ్ణి కూడా నమ్మడు.

"నాయుడూ, పాసు దేనికి కావాలి?"

"బరువున్న ప్రతి వస్తువుకీ కావాలండి. పన్నెండో పేజీ."

"బరువు లేనిదానికి?"

అతను పన్నెండో పేజీ తీసి, పెదాలు కదుపుతూ చదివాడు. పదమూడో పేజీ కూడా చదివాడు. "లేనిదానికి అక్కర్లేదండి," అన్నాడు.

శనివారం పొద్దున్న వసంతవల్లి గారూ నేనూ బల్లలు, కొక్కేలు, చెక్క మళ్ళీ బోటుకి బిగించాం. క్రేనుతో బోటుని చక్రాల బండి మీదికి దింపాం. బండి మాత్రం అరవై కిలోలుంటుంది, దానికి పాసు కావాలి. తూచిన వస్తువుకి పాసు రాసే అధికారం నాకుంది కనక రాసిచ్చాను: చక్రాల బండి ఒకటి, అరవై కిలోలు, ఖాళీ. నూకయ్య ఊళ్ళోంచి ట్రాక్టరు తెచ్చి కట్టాడు. బండి గేటు దగ్గర ఆగింది. ఉద్యోగం పోతే పోయింది గానీ, నాయుడు ఆపితే నూకయ్య మొహం ఎలా చూడను?

బంగార్నాయుడు పాసు చదివాడు. బండి చుట్టూ తిరిగాడు. ఇరవై ఎనిమిది అడుగుల నీలం బోటు అతని తల మీదుగా నీడ పరిచింది. అతను వంగి చక్రాలు లెక్కపెట్టాడు, బండి నంబరు సరిచూశాడు, మళ్ళీ పాసు చూశాడు.

"బండి ఒకటి, సరే," అన్నాడు. "ఖాళీ, సరే."

గేటు తీసి, వెనక్కి జరిగి, సెల్యూట్ కొట్టాడు. ట్రాక్టరు మీద నూకయ్య కూడా తిరిగి సెల్యూట్ కొట్టాడు, ఎందుకో తెలీకుండానే.

సాయంత్రం కమిటీ వచ్చింది. ముగ్గురు. అధ్యక్షులు విశ్వంభరం గారని చాలా పెద్దాయన. డైరెక్టరు గారు షెడ్డు తలుపు తీసి, ఖాళీ తొట్టి చూసి, ఒక్క క్షణం నిలబడిపోయారు. నా వైపు చూశారు.

"పొద్దున్నించి ఇంకా తగ్గిందండి," అన్నాను.

అంతే. ఆయన ప్రాణం లేచొచ్చింది. "అయ్యా, లక్ష్యాన్ని అధిగమించి, పదార్థం ప్రస్తుతం దృష్టికి సైతం భారం కలిగించని దశకు చేరుకున్నది," అని కమిటీకి చూపించారు. సభ్యులు తొట్టి చుట్టూ చేరి ఆశ్చర్యపోయారు. ఒకాయన ఫోటో తీసుకున్నారు. ఇంకొకాయన ఇంజను ఎక్కడ బిగిస్తారని అడిగి, చూపిస్తే తలూపారు. చివరికి విశ్వంభరం గారు చొక్కా చేతులు మడిచి, వంగి, రెండు చేతులతో పట్టుకుని, పైకెత్తారు. తల మీదిదాకా ఎత్తి, కాసేపు ఆలోచించి, జాగ్రత్తగా కింద పెట్టారు.

"అమోఘం," అన్నారు. "అయితే ఎడం పక్క కొంచెం బరువు తగులుతోంది. వచ్చే సోమవారానికి పది శాతం తగ్గించండి."

ఆర్డరు అక్కడికక్కడే టైపయింది. వసంతవల్లి గారి చేతికిచ్చారు.

ఆదివారం తెల్లవారగానే ఆవిడ స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని పెదరేవుపాలెం తీసుకెళ్ళారు. తీరమంతా బోట్లే, జనమే. నూకయ్య బోటు ముక్కుకి పసుపు రాసి, వేపమండలు కట్టి, గంగమ్మతల్లికి కొబ్బరికాయ కొట్టాడు. ఒక్కో పక్కా పదిమంది పట్టారు. పాత బోటుకి ఇరవై మంది పట్టేవారట, అదే అలవాటు.

"తొయ్యండ్రా!" అని నూకయ్య కేకేశాడు.

పాత బరువుకి సరిపడా కాళ్ళు తన్ని, ఊపిరి బిగించి, ఇరవై మందీ ఒక్కసారి తోశారు. బోటు వాళ్ళ చేతుల్లోంచి జారి ముందుకు పరుగెత్తింది. సగంమంది ఇసుకలో బోర్లా పడ్డారు. ఒకడి నోట్లోకి ఇసుక వెళ్ళింది. పక్క బోట్లవాళ్ళు విరగబడి నవ్వారు. పడ్డవాళ్ళు లేచి మళ్ళీ పట్టుకోబోతే అందరికీ చోటు చాల్లేదు. పదహారుమంది పట్టుకునేసరికే బోటు నీళ్ళలోకి దిగిపోయింది.

"అమ్మా!" నూకయ్య బోటెక్కి అరుస్తున్నాడు. "నలుగురు మిగిలిపోనారు! సూడండమ్మా, నలుగురికి పన్లేదు!"

ఆ నలుగురూ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఖాళీ చేతులు చూసుకుని నవ్వుకుంటున్నారు. వసంతవల్లి గారు కళ్ళు తుడుచుకున్నారు. బ్యాగులోంచి ఎడం పక్క తగ్గించమన్న ఆర్డరు తీసి, వెనక్కి తిప్పి, వాళ్ళ దగ్గరికి వెళ్ళారు.

"మీ పేర్లు చెప్పండి," అన్నారు.

ఎర్రయ్య. పోలారావు. గురుమూర్తి. చిన దాసు. నలుగురి పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసి, కాగితం నాకిచ్చి, "తూచినవాళ్ళ సంతకం కావాలి," అన్నారు. జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాను. తరవాత పేర్ల కింద రెండు గీతలు గీశాను.